పాత వెస్పాకు కొత్త ఊపిరి: ట్యూనింగ్ కిట్ ఎంచుకోవడం ఎలా?

స్కూటర్ ఇంజిన్‌లో కంపెనీ బిగించిన సిలిండర్, పిస్టన్ తీసేసి వాటి చోట కాస్త పెద్దవి, పోర్టులు వేరే రకంగా కోసినవి అమర్చే సామగ్రినే ట్యూనింగ్ కిట్ అంటారు. అందులో సిలిండర్, పిస్టన్, రింగులు, గజన్ పిన్, గ్యాస్కెట్లు ఉంటాయి. కొన్నిటితో హెడ్ కూడా వస్తుంది. 1946లో వెస్పా, మరుసటి ఏడాది లాంబ్రెటా పుట్టిన ఇటలీలోనే ఈ కిట్ల పరిశ్రమ కూడా పెరిగింది. బెర్గామో ప్రాంతపు పోలిని, బొలోన్యా ప్రాంతపు మలోసి, ఇంకా పినాస్కో, డీఆర్ అనేవి పాత స్కూటర్ల లోకంలో బాగా తెలిసిన పేర్లు. జర్మనీ నుంచి వచ్చే బీజీఎం కిట్లకూ ఆదరణ ఉంది.

ఈ కిట్లు ఎక్కువగా తయారయ్యేది 1977లో మొదలైన వెస్పా పీఎక్స్ శ్రేణికి. 1980లలో కాన్పూర్‌లోని ఎల్ఎంఎల్ కంపెనీ పియాజియో సహకారంతో చేసిన వెస్పా స్కూటర్లు ఈ కుటుంబానివే. బజాజ్ చేతక్ అంతకు ముందు తరపు వెస్పా స్ప్రింట్ నుంచి వచ్చింది. హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్‌ది లాంబ్రెటా వంశం. అందుకే తెలుగు ఊళ్ళలో ఇంట్లో మూలపడ్డ పాత బండిని మళ్ళీ రోడ్డెక్కించాలనుకునే వారికీ ఈ విషయం పనికొస్తుంది.

సీసీ పెరిగితే చాలదు

150 సీసీ పీఎక్స్ ఇంజిన్‌లో బోర్ 57.8 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 57 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 149.6 సీసీ వస్తుంది. స్ట్రోక్‌ను అలాగే ఉంచి బోర్‌ను 63కు పెంచితే 177.7 సీసీ అవుతుంది. 177 కిట్ అనే పేరు అలా వచ్చిందే. 200 సీసీ ఇంజిన్‌లో 66.5 బోర్ స్థానంలో 68.5 వేస్తే దాదాపు 210 సీసీ.

బోర్‌లో పెరిగింది తొమ్మిది శాతమే అయినా సీసీ 19 శాతం దాకా పెరుగుతుంది. అయితే ఒకే 177 సీసీ ఉన్న రెండు కిట్లు రోడ్డు మీద రెండు వేర్వేరు బండ్లలా నడుస్తాయి. తేడా అంతా పోర్టుల్లో ఉంటుంది.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకు కోసిన కిటికీల్లాంటి పోర్టులను పిస్టనే పైకీ కిందికీ కదులుతూ తెరిచి మూస్తుంది. వెస్పాలో పెట్రోలు, గాలి మిశ్రమం లోపలికి వచ్చే దారిని క్రాంక్ అంచే తెరిచి మూస్తుంది. మిశ్రమం క్రాంక్ గదిలోంచి ట్రాన్స్‌ఫర్ పోర్టుల ద్వారా పైకి చేరుతుంది. కాలిన పొగ ఎగ్జాస్ట్ పోర్టు గుండా బయటికి పోతుంది. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా ఒక్కో పోర్టు ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందన్నదే ఇంజిన్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

రోడ్డు మీద రోజూ నడిపే బండికి ఎగ్జాస్ట్ పోర్టు సుమారు 165 నుంచి 175 డిగ్రీలు తెరిచి ఉంటే తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు దొరుకుతుంది. 185 దాటిందంటే ఇంజిన్ అసలు బలమంతా పైవేగాల్లోకి పోతుంది. అలాంటి బండి ట్రాఫిక్‌లో నీరసంగా కదిలి, ఒక దశ దాటాక ఒక్కసారిగా దూకుతుంది. సీసీ అంకె ఒక్కటే చూసి కొన్నవారికి తరచూ ఎదురయ్యే నిరాశ ఇదే.

ఎవరికి ఏది

వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని ఊళ్ళో తిరిగేవారికీ, ఘాట్ రోడ్డు ఎక్కాల్సినవారికీ కింది ఆర్‌పీఎంలో లాగుడు కావాలి. వారికి డీఆర్ 177 వంటి మెత్తని పోర్టుల కిట్ చాలు. కంపెనీ సైలెన్సర్, కంపెనీ కార్బొరేటర్ అలాగే ఉంచి, అందులో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే జెట్ మాత్రం మార్చి నడపవచ్చు. హైవే మీద దూరాలు వెళ్ళేవారికి కాస్త పెద్ద పోర్టులున్న పోలిని 177 గానీ, అల్యూమినియం సిలిండర్ ఉన్న మరో కిట్ గానీ సరిపోతుంది. దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే పెద్ద కార్బొరేటర్, మంచి సైలెన్సర్ కూడా తోడవ్వాలి. ట్రాక్ మీద పందేలకు తయారైన కిట్లు రోజువారీ వాడకానికి పనికిరావు. అవి పెట్రోలు బాగా తాగుతాయి, త్వరగా అరుగుతాయి.

పోత ఇనుమా, అల్యూమినియమా?

పోత ఇనుము సిలిండర్ చవక. అరిగితే లేత్ షాపులో రీబోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. మన మెకానిక్‌లకు చిరకాలంగా అలవాటైన పని ఇది. కానీ ఇనుము వేడిని త్వరగా వదలదు. పిస్టన్ అల్యూమినియంది కాబట్టి వేడికి సిలిండర్ కంటే ఎక్కువగా ఉబ్బుతుంది. రెంటికీ మధ్య ఉంచిన సందు చాలకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

అల్యూమినియం మిశ్రమ లోహం పోత ఇనుము కంటే సుమారు మూడు రెట్లు వేగంగా వేడిని బయటికి పంపుతుంది. సిలిండర్, పిస్టన్ దాదాపు ఒకే తీరున ఉబ్బుతాయి కాబట్టి మధ్య సందును తక్కువగా ఉంచవచ్చు. లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన గట్టి పూత ఉంటుంది. నికాసిల్ అనే ఈ పూతను జర్మనీకి చెందిన మాలే కంపెనీ 1960లలో రూపొందించింది. ఇది చాలాకాలం మన్నుతుంది, కానీ మామూలుగా రీబోర్ చేయడానికి వీల్లేదు. పూత దెబ్బతింటే మళ్ళీ వేయించాలి, లేదా సిలిండర్ మార్చాలి. ఎండాకాలంలో ఎక్కువ దూరాలు నడిపే బండికి అల్యూమినియం మేలు. దగ్గర్లో రిపేరు సులభంగా దొరకాలనుకునేవారికి ఇనుము మేలు.

కేసింగ్‌కు కిట్ కుదరాలి

వెస్పా కిట్ అన్నంత మాత్రాన అన్ని వెస్పాలకూ సరిపోదు. చేతక్ ఇంజిన్ బోర్, స్ట్రోక్ రెండూ 57 మిల్లీమీటర్లే. అంటే 145.45 సీసీ. స్ట్రోక్ పీఎక్స్‌తో సమానమైనా కేసింగ్‌లోని ట్రాన్స్‌ఫర్ దారుల ఆకారం ఒకటి కాదు. ఎల్ఎంఎల్ ఐదు పోర్టుల మోడళ్ళ సిలిండర్ వేరు. ఆ కంపెనీవే కొన్నిటిలో క్రాంక్ అంచుకు బదులు రీడ్ వాల్వు మిశ్రమాన్ని లోపలికి వదులుతుంది. కాబట్టి ఇంజిన్ నంబరు ముందున్న అక్షరాలను బట్టి మోడల్ ఏదో తేల్చుకుని, పాత సిలిండర్ విప్పి, కిట్‌తో వచ్చిన గ్యాస్కెట్‌ను కేసింగ్ మీద పరిచి చూడాలి. దారులు కలవకపోతే కేసింగ్‌ను కోసి సరిచేయాలి. ఆ పనికి ఇంజిన్ మొత్తం విప్పక తప్పదు.

విప్పినప్పుడు క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్ళు కొత్తవి వేయడం మంచిది. పాత సీలు గుండా గాలి లోపలికి చొరబడితే మిశ్రమం పలచబడుతుంది. కిట్ వేసిన కొద్ది రోజులకే పిస్టన్ పట్టేయడానికి ఇదొక ముఖ్య కారణం.

స్ట్రోక్‌ను కూడా 60 మిల్లీమీటర్లకు పెంచే క్రాంకులు దొరుకుతాయి. 63 బోర్‌తో అప్పుడు 187 సీసీ వస్తుంది. అయితే పిస్టన్ పైన 1.5, కింద 1.5 మిల్లీమీటర్లు అదనంగా వెళ్తుంది. హెడ్‌కు తగలకుండా సిలిండర్ కింద గానీ, హెడ్ కింద గానీ అంత మందం సర్దుబాటు చేయాలి. సిలిండర్ కింద వేస్తే పోర్టుల సమయాలన్నీ మారిపోతాయి. హెడ్ కింద వేస్తే అంతగా మారవు.

తోడుగా మారాల్సినవి

పెద్ద సిలిండర్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. 150 పీఎక్స్‌లో డెలోర్టో 20/20 కార్బొరేటర్ ఉంటుంది, 200 పీఎక్స్‌లో 24/24. మెత్తని కిట్‌కు 20/20లో మెయిన్ జెట్‌ను కొన్ని సైజులు పెంచితే సరిపోతుంది. పెద్ద పోర్టులున్న గట్టి కిట్‌కు 24/24 అవసరం. ఎప్పుడైనా పెద్ద జెట్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ తగ్గించుకుంటూ రావాలి. పెట్రోలు ఎక్కువైతే ఇంజిన్ గరగరమంటూ నీరసిస్తుంది, అంతే. తక్కువైతే పిస్టన్ కరుగుతుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో మిశ్రమం మరింత పలచబడుతుంది కాబట్టి విదేశీ పుస్తకాల్లోని జెట్ నంబర్లను ఇక్కడ యథాతథంగా పాటించకూడదు.

సైలెన్సర్ పాత్ర టూ స్ట్రోక్‌లో చాలా పెద్దది. పొగతోపాటు బయటికి జారే తాజా మిశ్రమాన్ని పీడన తరంగంతో తిరిగి సిలిండర్‌లోకి నెట్టే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్‌ను 1950లలో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజినీర్ వాల్టర్ కాడెన్ పరిపూర్ణ స్థాయికి తెచ్చాడు. ఆయన 125 సీసీ రేసు ఇంజిన్ 1961 నాటికి 25 హార్స్‌పవర్ ఇచ్చింది. 150 పీఎక్స్ బలం దాదాపు 8 హార్స్‌పవర్ మాత్రమే. ఆ తరంగం ఒక ఆర్‌పీఎం పరిధిలోనే సరైన సమయానికి వెనక్కి వస్తుంది. అందుకే కిట్ బలం ఏ పరిధిలో ఉందో సైలెన్సర్ బలం కూడా అక్కడే ఉండాలి. కింది వేగాల కిట్‌కు రేసు సైలెన్సర్ బిగిస్తే రెంటి గుణమూ పోతుంది.

లాగుడు పెరిగితే గేరింగ్‌ను పొడవు చేయవచ్చు. క్లచ్‌కు ఉన్న పళ్ళచక్రానికి ఒకటి రెండు పళ్ళు ఎక్కువున్నది వేస్తే అదే వేగానికి ఇంజిన్ తక్కువగా తిరుగుతుంది. 150లోని ఆరు స్ప్రింగుల క్లచ్ గట్టి కిట్‌ను మోయలేక జారుతుంది. గట్టి స్ప్రింగులో, పెద్ద క్లచ్చో వేయాలి. బ్రేకులను అన్నిటికంటే ముందు చూడాలి. పది అంగుళాల చక్రాలు, డ్రమ్ బ్రేకులు అసలు వేగానికి లెక్కవేసి పెట్టినవి. కొత్త లైనింగ్, కొత్త కేబుళ్ళు, మంచి టైర్లు, సరైన షాక్ అబ్జార్బర్లు లేని బండికి కిట్ వేయకూడదు.

పాత టూ స్ట్రోక్ ఇంజిన్ ప్రాణం రెండు కొలతల్లో ఉంది. పిస్టన్ పైకి పూర్తిగా వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్‌కూ మధ్య ఉండే సందును స్క్విష్ అంటారు. మెత్తని సోల్డర్ తీగను లోపలికి పెట్టి క్రాంక్‌ను ఒక చుట్టు తిప్పితే నలిగిన తీగ మందం ఆ సందును చెబుతుంది. రోడ్డు బండికి 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు సురక్షితం. రెండోది ఇగ్నిషన్ సమయం. ఈ కిట్లకు సాధారణంగా పిస్టన్ పైకి చేరడానికి 18 డిగ్రీల ముందు స్పార్క్ పడేలా పెడతారు. కంపెనీ గుర్తును నమ్మక స్ట్రోబ్ లైటుతో సరిచూడాలి. ప్లగ్ కూడా ఒక మెట్టు చల్లనిది వేయాలి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిదని అర్థం.

చట్టం ఏమంటుంది

ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజిన్ సీసీ ఆ వివరాల్లో ఒకటి. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. జర్మనీలో తనిఖీ చేయించి మార్పును కాగితాల్లో రాయించుకోవాలి. బ్రిటన్‌లో లెర్నర్లకు 125 సీసీ పరిమితి ఉంది కాబట్టి 125 బండికి 177 కిట్ వేస్తే వారు దాన్ని నడపకూడదు. ఇక్కడ రోడ్డు మీద నడిపే బండికి కిట్ కొనేముందు ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అనుమతి రాకపోతే కంపెనీ కొలతల్లోనే కొత్త బోర్, పిస్టన్, సీళ్ళు వేయించి ఇంజిన్‌ను బాగుచేయించడమే సరైన మార్గం. అరిగిన ఇంజిన్‌లో పోయిన పికప్ చాలావరకు దాంతోనే తిరిగి వస్తుంది.

బిగించాక

కొత్త కిట్‌కు మంచి టూ టీ ఆయిల్‌ను లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లకు తగ్గకుండా కలపాలి. మొదట ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, కొన్నిసార్లు అలా చేశాక రోడ్డు మీదికి తీయాలి. తొలి 500 కిలోమీటర్లలో ఒకే వేగం మీద చాలాసేపు నడపకూడదు, పూర్తి థ్రాటిల్ ఇవ్వకూడదు, ఎత్తు మీద పెద్ద గేర్‌లో ఇంజిన్‌ను ఈడ్చకూడదు. ఆ తర్వాత కొంతదూరం పూర్తి థ్రాటిల్ మీద నడిపి, ఒక్కసారిగా క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పి చూడాలి. గోధుమరంగులో ఉంటే జెట్ సరిగ్గా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు. తెల్లబడిన ప్లగ్ కనిపిస్తే పెద్ద జెట్ వేసేదాకా బండిని వేగంగా నడపకూడదు.