టవర్ వెనకున్న తీగ

ఇంటిదాకా తీగ లాగకుండా, రేడియో తరంగాల మీద అందే వేగవంతమైన ఇంటర్నెట్టే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే సెకనుకు కనీసం 2 మెగాబిట్ల వేగం ఉండాలన్నది 2023 నుంచి మన దేశంలో నియమం. అంతకుముందు దాదాపు పదేళ్లు 512 కిలోబిట్లు ఉంటే చాలనేవారు.

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలో దీని అవసరం పసుపు రైతుకు బాగా తెలుసు. తొమ్మిది నెలల పంటను తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్మును, గోళను వేరుచేశాక ఎప్పుడు అమ్మాలి, ఎక్కడ అమ్మాలి అన్నదే అతని బెంగ. నిజామాబాద్ యార్డులో ధర పడిపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకి తోలేవాళ్లున్నారు. రెండుచోట్ల ధరనూ బస్తాలు లారీకెక్కకముందే ఫోన్లో చూసుకోవచ్చు. 2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో తొలి విడతలోనే చేరిన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. వ్యాపారి అక్కడ సరుకు చూసి ధరను ఆన్‌లైన్‌లో వేస్తాడు. గల్ఫ్‌లో ఉన్న మనిషి ముఖం ఇంటివాళ్లకు కనిపించేదీ ఈ ఇంటర్నెట్ మీదే.

పల్లెకు ఇది అందుబాటులోకి రావడానికి మొదటి కారణం ధర. 2014లో ఒక జీబీ డేటాకు సగటున 250 రూపాయలకు పైగా అయ్యేది. 2016 సెప్టెంబరులో జియో 4జీ వచ్చాక మొదలైన పోటీతో 2018 నాటికి అది 12 రూపాయల లోపుకు దిగింది.

ధర దిగినా వేగం అన్నిచోట్లా ఒకేలా లేదు. 700, 800 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్య తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి కొంత దూరతాయి. 5జీకి వాడే 3,500 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు ఎక్కువ డేటా మోస్తాయి గానీ దూరం పోలేవు. ఆర్మూరు సిద్ధులగుట్ట లాంటి రాతిగుట్టలు అడ్డొస్తే వెనకవైపు సిగ్నల్ బలహీనపడుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు టవర్ వెనక ఉంటుంది. ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నా వీడియో కదలకపోవచ్చు. ఒక టవర్ సామర్థ్యాన్ని దాని కింద ఉన్నవాళ్లందరూ పంచుకోవాలి. ఆ టవర్‌ను బయటి ప్రపంచంతో కలిపే దారి సన్నదైతే సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకున్న వేళ వేగం పడిపోతుంది. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మైక్రోవేవ్‌తో పంపే డేటాకు పరిమితి ఉంది. ఫైబర్ తీగకు ఆ ఇరుకు చాలా తక్కువ. వైర్‌లెస్ బాగుండాలంటే ముందు నేలలో తీగ ఉండాలి.

ఈ తీగను గ్రామ పంచాయతీల దాకా తీసుకెళ్లడానికి 2011లో కేంద్రం ఆమోదించిన పథకమే ఇప్పటి భారత్‌నెట్. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ కేబుల్ కోసం గొట్టాలు వేశారు. తవ్వకం ఖర్చు మిగిల్చిన ఆ ఆలోచన ఎంతైనా మెచ్చదగినది. లాభం రాని ఊళ్లకు డబ్బు సమకూర్చేందుకు టెలికం సంస్థల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం వసూలు చేసే నిధి 2002 నుంచి ఉంది. దాని ఇప్పటి పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ సొమ్ములో కొత్త టవర్లతో పాటు పాత టవర్ల దాకా ఫైబర్ వేయడానికీ, కరెంటు పోయినప్పుడు వాటిని నడిపే బ్యాటరీలకూ తగినంత వాటా దక్కాలి.