కూలివాని ప్రాణము, కీర్తనకారుని ప్రాణము



మధ్యాహ్నపుటెండలో బరువైన బుట్ట మోసికొని మెట్టయెక్కినవాడు ప్రాణము గొంతులోనికి వచ్చినదనును. నీడకు చేరి చల్లని నీరు త్రాగిన వెంటనే ప్రాణము లేచివచ్చినదనును. ఇట్లు పలుకుటలో హెబ్రీయుల పరిశుద్ధ కవిత్వమునకు తాను మంచి వ్యాఖ్యానము చెప్పుచున్నానని అతడెరుగడు.

కీర్తనల గ్రంథమున ఇంగ్లీషువారు ‘సోల్’ అని తర్జుమా చేసిన హెబ్రీ మాట ‘నెఫెష్’. గొంతు, ఊపిరి, ఆకలిదప్పులు, ప్రాణము, తుదకు మనుష్యుడంతయు ఆ యొక్క మాటలో ఇమిడియున్నవి. 69వ కీర్తనలో నీళ్లు తన నెఫెష్‌దాక వచ్చెనని మొరపెట్టువాడు గొంతువరకు మునిగినవాడే. దేహమను చెరలో ఆత్మ బంధింపబడియున్నదను గ్రీకు తత్వజ్ఞుల తలంపు ఈ కవులకు లేదు.

1874లో కాకినాడకు వచ్చి తెలుగువారి నడుమ పనిచేసిన కెనడా బాప్తిస్టు మిషను సంగతులు మనవారికి తెలిసినవే. ఆ సంఘములవారి మెక్‌మాస్టర్ విద్యాలయము 1930లో టొరాంటోనుండి హామిల్టన్ నగరమునకు తరలెను. నేడును అచ్చటి వేదాంత కళాశాలలో హెబ్రీభాష నేర్పుదురు. ‘సోల్’ అను మాటకు అలవాటుపడిన విద్యార్థి అచ్చట శ్రమపడి నేర్వవలసినదానిని మన తెలుగు బైబిలు సులువుగా చేతికిచ్చుచున్నది. 42వ కీర్తనలోను 103వ కీర్తనలోను మన అనువాదకులు ‘ఆత్మ’ యనక ‘ప్రాణము’ అనిరి. ఇది ఎంతయు తగిన మాట యని నా యభిప్రాయము.

ఈ కీర్తనలు తంతివాద్యములతోను తాళములతోను పాడుటకైనవి. 42, 43 కీర్తనలలో గాయకుడు క్రుంగిన తన ప్రాణమును తానే పలుకరించి ధైర్యము చెప్పు పల్లవి మూడుమారులు వచ్చును. పాడుటకు గొంతును ఊపిరియు కావలెను గదా! ధైర్యము వినవలసినదియు, పాడవలసినదియు ఆ ప్రాణమే.

ఇక మన బ్రదుకునకు మిక్కిలి దగ్గరయైన సంగతి. 25వ కీర్తన మొదట భక్తుడు తన నెఫెష్‌ను దేవునివైపు ఎత్తుచున్నాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 15వ వచనమున, ఏనాటి కూలి ఆనాడే ప్రొద్దు గ్రుంకకమునుపు ఇయ్యవలెనను ఆజ్ఞకు చెప్పబడిన కారణములో, బీద కూలివాడు ఆ కూలివైపు తన నెఫెష్‌ను ఎత్తుచున్నాడని అదే పలుకుబడి యున్నది. తర్జుమాలలో ఈ పోలిక కంటబడదు. కూలికై ఎదురుచూచుటకును ప్రార్థనకును హెబ్రీయులకు ఒక్కటే మాట చాలెను. జీతము ఆలస్యమైన యింటివారికి దీనిని వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

నెఫెష్‌కు చుట్టమైన క్రియాపదమొకటి కలదు. ఊపిరి తీసికొనుట, సేదదీరుట యని దాని యర్థము. అది పాతనిబంధనలో మూడేమారులు కనబడును. రెండవ సమూయేలు 16వ అధ్యాయమున, బడలియున్న దావీదు రాజును గూర్చి. నిర్గమకాండము 23వ అధ్యాయమున, ఏడవ దినమున పనిమానవలసిన దాసి కుమారుని గూర్చియు, పరదేశిని గూర్చియు. అదే గ్రంథము 31వ అధ్యాయమున, ఆకాశమును భూమిని సృజించి ఏడవ దినమున విశ్రమించిన దేవుని గూర్చి.