సమాధి రాయి ఒక దస్తావేజు

పితృకార్యంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పి పిండం పెడతాం. ఆ పైవాళ్ల పేర్లు చాలా ఇళ్లలో ఎవరికీ తెలియవు. తద్దినం పెట్టే తిథి గుర్తుంటుంది కానీ, ఆ మనిషి ఏ సంవత్సరంలో పోయాడో గుర్తుండదు. వంశవృక్షం రాద్దామని కూర్చున్నవాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. ఖననం ఆచారంగా ఉన్న కుటుంబాలకు మాత్రం ఇంకో ఆధారం దొరికే వీలుంది. క్రైస్తవులు, ముస్లింలు, లింగాయతులు, జంగాలతో పాటు ఇంకా ఎన్నో కులాల్లో పూడ్చిపెట్టే ఆచారం ఉంది. నవంబరు 2న సమాధుల పండుగకో, షబే బరాత్ రాత్రికో వెళ్లి పూలు పెట్టి, దీపం వెలిగించి వస్తారు. అలా వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లాలని నా మనవి. పెద్దల సమాధికి మొక్కడం ఎంత అవసరమో, దాన్ని దస్తావేజులా చదవడమూ అంతే అవసరం.

చర్చి రిజిస్టర్లో ఒక మరణానికి దక్కేది ఒక్క వరుస. శ్మశానంలో కుటుంబమంతా కనిపించవచ్చు. ఫలానావారి భార్య, ఫలానావారి రెండో కుమారుడు అని రాతిమీద చెక్కిన మాట, ఇంట్లో ఎవరూ చెప్పని బంధుత్వాన్ని బయటపెట్టగలదు. పక్కపక్కనే ఉన్న పసిపిల్లల సమాధుల తేదీలు దగ్గరదగ్గరగా ఉంటే, ఆ ఏడు ఊళ్లో ఏ జబ్బు తిరిగిందో వెతకాలన్న ఆలోచన వస్తుంది. అందుకే మన రాయి ఒక్కటే కాకుండా చుట్టుపక్కల రాళ్లనూ చదవాలి. అక్షరాలు అరిగిపోతే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూడాలి. నడినెత్తి ఎండలో కనపడని గీతలు అప్పుడు నీడపట్టి తేలతాయి. ఎండ పడని చోట అద్దంతో వెలుగును పక్కనుంచి రాయి మీదికి మళ్లించవచ్చు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఇనుప బ్రష్షు, యాసిడ్ వాడితే ఉన్న అక్షరమూ పోతుంది.

రాయి చెప్పేదంతా నిజమేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాయిని చాలాసార్లు మనిషి పోయిన కొన్నేళ్లకు వేయిస్తారు, వయసు ఉజ్జాయింపుగా రాయిస్తారు. కాలమానాల చిక్కు కూడా ఉంది. ‘ధాత’ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది ధాత కరువు మొదలైన 1876–77 కావచ్చు, అరవై ఏళ్ల తర్వాతి 1936–37 కావచ్చు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పోయింది హిజ్రీ 1020లో. ఆ హిజ్రీ సంవత్సరం 1611 మార్చిలో మొదలై 1612 మార్చి దాకా నడిచింది. నెల తెలిస్తే తప్ప ఆయన మరణం 1612 జనవరిలోదని తేలదు. ఇక సమాధి ఉన్నచోటే మనిషి ఉన్నాడనీ అనుకోలేం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణిస్తే గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఇవన్నీ రాయిని పక్కన పెట్టడానికి కారణాలు కావు. ఏ దస్తావేజునైనా మరోదానితో సరిచూసుకున్నట్టే దీన్నీ సరిచూసుకోవాలి.

రిజిస్టర్లు ఉండగా అంతదూరం పోవడమెందుకన్నది మరో అభ్యంతరం. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మాట నిజమే. కానీ వాటిలో ఉన్నది ఎక్కువగా యూరోపియన్ల, ఆంగ్లో ఇండియన్ల వివరాలు. పల్లె క్రైస్తవ కుటుంబానికి ఆ ఊరి చర్చి పుస్తకం, ఆ ఊరి సమాధుల తోట, ఈ రెండే ముఖ్య ఆధారాలు. పైగా కాగితం మీది రాత, రాతి మీది రాత ఒకదానికొకటి దారి చూపుతాయి. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటల్ చెరకు తోటలకు పోయిన కూలీల జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని వారి సంతతికి అక్కడి సమాధి మీద పేరు, వయసు దొరికితే, ఆ జాబితాలో తమ మనిషిని పోల్చుకుని ఇక్కడి పల్లెదాకా రావడానికి దారి ఏర్పడుతుంది.

చనిపోయినవారి ప్రశాంతతను చెడగొట్టడం కాదా అన్న సంకోచమూ గౌరవించదగిందే. నిర్వాహకుల అనుమతి తీసుకుని, సమాధుల మీద కాలు పెట్టకుండా, ఏ రాయినీ కదపకుండా చదివితే అందులో అపచారం లేదు. చదవకుండా వదిలేస్తేనే నష్టం. బందరు డచ్చివారి సమాధులను అలెగ్జాండర్ రీ 1897లో తన పుస్తకంలో చేర్చారు. మద్రాసు ప్రాంతపు సమాధి శాసనాల జాబితాను జె.జె. కాటన్ 1905లో అచ్చువేయించారు. రాళ్లు అరిగినా రాతలు మిగలడం ఇలాంటి పనివల్లే. మామూలు కుటుంబాల సమాధులకు అలాంటి రాతగాళ్లు లేరు. నగరాల్లో చోటు చాలక పాత సమాధుల్లోనే కొత్తవారిని పూడుస్తున్నారు. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు రాయిని నాలుగు వైపులా ఫొటో తీయండి. అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, అర్థంకాని చోట ఊహించి పూరించకుండా ఖాళీ వదలండి. చర్చి లేదా మసీదు పుస్తకంతో సరిచూసి, ఒక నకలు ఇంట్లోని పిల్లలకు ఇవ్వండి. ఆ పని చేయగలిగినవాళ్లు ఆ కుటుంబంవాళ్లే.