నీళ్ళు తాగని బట్ట

షోలాపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడికి మంచు సంగతులెందుకని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్ళో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మా పెద్దలు తెలంగాణ నుంచి మగ్గం పని చేతపట్టుకుని ఈ ఊరు వచ్చారు. చద్దర్లు, తువ్వాళ్ళు నేసి ఇల్లు నిలబెట్టారు. నేను కూడా నలభై ఏళ్ళు పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్యనే గడిపాను. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తే దాని మంచిచెడ్డలు చెప్పగలనన్న గర్వం నాకు ఉండేది. ఆ గర్వం వల్లనే 2023లో నా మనుమరాలు మంచులో జబ్బు పడింది. మన సంఘం పిల్లలు ఇప్పుడు గుల్మార్గ్‌కనీ, మనాలికనీ బయలుదేరుతున్నారు కనుక, నేను పడ్డ చిక్కు మరొక తాత పడకూడదని ఇది రాస్తున్నాను.

మా మనుమరాలు పుణేలో కాలేజీలో చదువుతుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఒకే ఒక్కడు, గుల్మార్గ్ కుర్రవాడు ఆరిఫ్ ఖాన్, స్కీయింగ్‌లో పోటీపడ్డాడు. అది టీవీలో చూసినప్పటి నుంచి పిల్లకు అదే ధ్యాస. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మనాలి దగ్గర సోలంగ్ లోయలో రెండు వారాల శిక్షణకు పేరిచ్చింది. వాళ్ళు పంపిన చీటీలో "వాటర్‌ప్రూఫ్ పాంటు ఒకటి" అని ఉంది. బట్ట కొనే పని కదా, నేనే నెత్తిన వేసుకున్నాను.

కొట్టులో మందంగా, లోపల పాలిస్టర్ దూది పెట్టి కుట్టిన పాంటు ఒకటి చూపించారు. చేతికి బాగుంది. ధర కూడా అందుబాటులో ఉంది. కొట్టతను గ్లాసుతో నీళ్ళు పోసి చూపించాడు. తామరాకు మీద బొట్లలా జారిపోయాయి. ఇంకేం కావాలి? కొనేశాను.

శిక్షణలో మూడో రోజు ఫోను వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు నిలబడేదానికంటే పడేదే ఎక్కువ. మిగిలిన సమయం వంతు కోసం మంచు మీదే కూర్చుంటారు. మధ్యాహ్నానికల్లా పిల్లకు మోకాళ్ళూ, కూర్చునే చోటూ తడిసి ముద్దయ్యాయి. పొద్దు కొండ వెనక్కి వాలి గాలి లేచేసరికి వణుకు పట్టుకుంది. మాట తడబడటం చూసి శిక్షకుడు వెంటనే లోపలికి తీసుకుపోయి, తడిబట్టలు మార్పించి, దుప్పట్లు కప్పి, వేడి టీ తాగించాడు. ఆయన చురుకుగా ఉండబట్టి సరిపోయింది. నీరు గాలికంటే దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుందట. చలిలో పొడిగా ఉన్నంతసేపు మనిషి తట్టుకుంటాడు. తడిస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

పిల్ల రెండు రోజులు మంచం మీద ఉండి, చివరి పరీక్ష ఇవ్వలేక, సర్టిఫికెట్ లేకుండా తిరిగి వచ్చింది. మా అబ్బాయి ఒక్కటే మాట అన్నాడు: "ఇగ మంచు మాట ఈ ఇంట్లో ఎత్తద్దు." పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

బియ్యం సంచి పరీక్ష

తప్పెక్కడుందో తెలుసుకోవాలని ఆ పాంటును ముందు పెట్టుకు కూర్చున్నాను. మా ఇంట్లో నేసిన పెద్ద తువ్వాలు ఒకటి నీళ్ళలో ముంచి నేల మీద పరిచాను. నీళ్ళు తాగడంలో దాన్ని మించిన బట్ట లేదు. పాంటు లోపల మోకాలి దగ్గరా, కూర్చునే చోటా పొడి తెల్లగుడ్డ దూర్చి, తువ్వాలు మీద పెట్టి, పైన పది కిలోల బియ్యం సంచి ఎక్కించాను. అరగంట తరువాత తీసి చూస్తే తెల్లగుడ్డ మీద తడి మరకలా లేదు, గీతలా ఉంది. సరిగ్గా కుట్టు వెంబడి గీసినట్టు!

బట్ట నీటిని ఆపింది. ఆపలేనిది కుట్టు. సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లు పడుతుంది. మామూలు వానకు ఆ చిల్లు పెద్ద లెక్కలోది కాదు. కాని మనిషి బరువంతా మోకాలి మీద మోపితే కరిగిన మంచు ఆ చిల్లుల్లోంచి లోపలికి దూరుతుంది. అందుకే మంచి పాంటులో ప్రతి కుట్టు మీదా లోపలివైపు సన్నని టేపు వేడితో అతికిస్తారు. కొన్నింటిలో ముఖ్యమైన కుట్లకే టేపు ఉంటుంది. మరికొన్నింటిలో అసలే ఉండదు. కొనేముందు పాంటును తిరగేసి కుట్ల వెంట వేలు పోనిస్తే ఎవరికైనా తెలుస్తుంది. అస్తరు అడ్డం వస్తే "అన్ని కుట్లకూ టేపు ఉందా?" అని గట్టిగా అడగండి. నా చెయ్యి బట్టను చూసింది కాని కుట్టును చూడలేదు.

మరి గ్లాసు నీళ్ళ సంగతో? అది పైపూత మహిమ. ఆ పూత ఏ సాదా బట్టకైనా పట్టించవచ్చు. నీటిని నిజంగా ఆపేది బట్ట వెనుక అతికించిన పలుచని పొర. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా లాగి సాగదీస్తే అందులో కంటికి కనిపించని రంధ్రాలు ఏర్పడ్డాయి. నీటిబొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి బయటికి పోగలిగినంత పెద్దవి. గోర్‌టెక్స్ అనే పేరు అలా వచ్చింది. ఇప్పుడు అలాంటి పని చేసే పొరలు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి.

రెండు అంకెలు

మంచి పాంటు చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో. బట్ట మీద గొట్టం నిలబెట్టి నీళ్ళు పోస్తూపోతే ఎంత ఎత్తు వరకు కారకుండా ఆపుతుందో ఆ లెక్క. 10,000 అంటే పది మీటర్ల నీటి ఎత్తు. ఎండ కాసే రోజుల్లో, పొడి మంచులో అది చాలు. తడి మంచులోనైనా, పదేపదే పడే కొత్తవాళ్ళకైనా 15,000 నుంచి 20,000 ఉంటే మేలు.

రెండవది గ్రాములలో. ఒక చదరపు మీటరు బట్టలోంచి ఇరవై నాలుగు గంటల్లో ఎంత ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. ఇది కూడా 10,000కు తగ్గకుండా చూసుకోవాలి. ప్లాస్టిక్ రెయిన్‌కోటు కూడా నీటిని ఆపుతుంది. కాని అది తొడుక్కుని గంటసేపు కొండ మీద కష్టపడితే మన చెమటే మనల్ని తడిపేస్తుంది. తొడల పక్కన గాలికి తెరుచుకునే జిప్పులు ఉంటే ఇంకా మంచిది.

మందం చూసి మోసపోకండి. నేను చేసిన రెండో తప్పు అదే. దూది పెట్టిన పాంటు చిన్నపిల్లలకూ, ఎక్కువసేపు కదలకుండా ఉండేవాళ్ళకూ పనికొస్తుంది. ఒళ్ళు వంచి ఆడేవాళ్ళకు దూది లేని పైపాంటు, దాని లోపల చలిని బట్టి వేసుకునే ఉన్ని లేక పాలిస్టర్ లోపాంటు మంచివి. నూలు బట్ట మాత్రం లోపల వద్దు. నూలు నమ్ముకుని బతికినవాణ్ణి ఈ మాట అంటున్నాను. మంచులో నూలు చెమటను పీల్చుకుని ఆరకుండా ఒంటికి అంటుకుపోతుంది.

స్కీలకు ఒకటి, బోర్డుకు ఒకటి

స్కీలంటే రెండు కాళ్ళకు రెండు పొడుగు పలకలు. స్నోబోర్డంటే రెండు కాళ్ళూ ఒకే పలక మీద. స్నోబోర్డు వాళ్ళు బూట్లు బిగించుకోవడానికి తరచు మంచు మీద కూర్చుంటారు, మోకరిల్లుతారు. అందుచేత కూర్చునే చోటా మోకాళ్ళ దగ్గరా రెండో పొర వేసి కుట్టిన వదులు పాంటు వాళ్ళకు కావాలి. స్కీల వాళ్ళకు బూటు పెద్దది, గట్టిది. పాంటు అంచు దాని మీదికి రావాలి. బూటులోకి దోపకూడదు. స్కీల ఇనుప అంచు కోయకుండా కాళ్ళ లోపలివైపు గట్టి బట్ట అతికి ఉండాలి. ఇద్దరికీ కాలి అడుగున ఎలాస్టిక్‌తో మరొక తొడుగు ఉండి తీరాలి. మంచు పైకి ఎక్కకుండా ఆపేది అదే. భుజాల పట్టీలతో ఛాతీ దాకా వచ్చే రకం అయితే పడ్డప్పుడు నడుములోంచి మంచు దూరదు. కొట్టులో నిలబడి మాత్రమే చూడకండి. లోపాంటు వేసుకుని, గొంతుకు కూర్చుని, మోకాలు ఎత్తి చూడండి.

ఒక్కసారి సరదాకు వెళ్ళేవాళ్ళు కొననే అక్కరలేదు. మనాలి దారిలోనూ, గుల్మార్గ్ దగ్గరా అద్దెకు ఇచ్చే కొట్లు ఉన్నాయి. అద్దెదైనా తిరగేసి కుట్లు చూడటం మరవకండి.

ఇక ఉతకడం. మురికి పట్టిన పాంటు మీద నీరు జారదు, ఇంకిపోతుంది. చీటీ మీద చెప్పినట్టు తేలిక సబ్బుతో ఉతికి బాగా జాడించాలి. బట్ట మెత్తబడటానికి కలిపే ద్రవాలు వాడకూడదు. చీటీ ఒప్పుకుంటే కాస్త వేడి తగిలిస్తే పైపూత మళ్ళీ చురుకవుతుంది. పాత పూతల్లోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయని వాటిని మానుకుంటున్నారు. కొత్త పూతలకు జిడ్డు త్వరగా పడుతుంది కనుక ఈ శుభ్రత ఇంకా అవసరం.

గుల్మార్గ్‌లో

ఇంత తెలుసుకున్నాక మా అబ్బాయి దగ్గర కూర్చున్నాను. "తప్పు పిల్లది కాదు, మంచుది కాదు, నాది. ఒక్కసారి దిద్దుకోనియ్యి" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నువ్వు వెంట పోతేనే" అన్నాడు.

కొత్త పాంటు నేను ఎంచలేదు. పిల్లే ఎంచుకుంది. నేను కుట్లు మాత్రం చూశాను. ఇంటికి తెచ్చాక అదే తడి తువ్వాలు పరిచి, పాంటు తొడిగించి, అరగంట మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. మా ఇంటావిడ "ఏం తప్పు చేసిందని పిల్లకు ఈ శిక్ష?" అని నవ్వింది. లోపల పొడిగానే ఉంది.

2024 ఫిబ్రవరిలో పిల్లనూ, దాని తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ ఏడు జనవరి అంతా గుల్మార్గ్‌లో మంచు సరిగా పడక అందరూ దిగులుపడ్డారు. ఫిబ్రవరిలో పడింది. పిల్లవాడు బోర్డు కట్టుకుని మొదటి రోజే లెక్కలేనన్నిసార్లు పడ్డాడు. అది స్కీల మీద దిగువ వాలులో సాయంత్రం దాకా ఆడింది. నేను కిందనే బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. ఎంత ముసుగేసుకున్నా ఒళ్ళు వణుకుతూనే ఉంది. అది చలికో, భయానికో చెప్పలేను.

సాయంత్రం నా ముందుకు వచ్చి ఆగింది. పాంటు మీద మంచు గడ్డలు అంటుకుని ఉన్నాయి. గదికి రాగానే మొదట చేసిన పని, కాలి జిప్పు తెరిచి నా చెయ్యి పట్టుకుని మోకాలి దగ్గర లోపలి బట్ట మీద పెట్టడం. వెచ్చగా, పొడిగా ఉంది. తరువాత వాళ్ళ నాన్నకు ఫోను చేసింది.

"బాపూ, పొడిగనే ఉన్న."

అవతల నుంచి ఏం జవాబు వచ్చిందో నాకు వినపడలేదు. ఫోను పెట్టేశాక మాత్రం, "ఎల్లుండి ఇంకొంచెం పైవాలు ఎక్కమన్నడు తాతా" అంది.