నౌపడ ఉప్పు మడుల్లో శక్తి జమాఖర్చులు

హౌరా రైలు మార్గంలో ఆమదాలవలస దాటి ఉత్తరంగా వెళితే వచ్చే నౌపడ, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉప్పు మడులకు పేరుపడిన ఊరు. అక్కడ ఉప్పునీటిని మడుల్లో నిలిపి, నీరు చాలావరకు ఎండకు ఆవిరయ్యేదాకా ఆగి ఉప్పు తీస్తారు. సురేకారాన్ని మాత్రం వేడి ద్రావణాన్ని చల్లార్చి స్ఫటికాలుగా రాబట్టుకోవచ్చు. రెండూ అయనిక సమ్మేళనాలే అయినా తీసే పద్ధతి వేరు కావడానికి మూలం అవి నీటిలో కరిగేటప్పుడు జరిగే శక్తి మార్పుల్లో ఉంది.

ధన, రుణ విద్యుదావేశాలున్న అయాన్లు పరస్పరం ఆకర్షించుకుని వరుసగా పేర్చుకున్న పదార్థమే అయనిక సమ్మేళనం. ఒక మోల్, అంటే 58.5 గ్రాముల ఉప్పు మూలకాల నుంచి ఏర్పడాలంటే, ఘన సోడియంను విడి పరమాణువులుగా చేయడానికి 107, క్లోరిన్ అణువుల బంధాలను తెంచడానికి 121, సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ స్వీకరించినప్పుడు తిరిగి వచ్చేది 349 మాత్రమే కనుక, అక్కడికి లెక్క 375 కిలోజౌళ్ల లోటులో ఉంటుంది. ఈ లోటును తీర్చేది జాలక శక్తి: చెదిరి ఉన్న అయాన్లు స్ఫటికంగా కూడినప్పుడు సుమారు 786 కిలోజౌళ్లు వెలువడి, చివరకు 411 మిగులుతాయి. మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ 1919లో ప్రతిపాదించిన ఈ లెక్కనే బోర్న్-హేబర్ వలయం అంటారు.

ఉప్పు నీటిలో కరగాలంటే ఆ 786 కిలోజౌళ్లనూ మళ్లీ చెల్లించి స్ఫటికాన్ని విడదీయాలి. అయితే నీటి అణువులు ప్రతి అయాన్ చుట్టూ చేరి దాన్ని పట్టుకున్నప్పుడు, ఆర్ద్రీకరణ శక్తి రూపంలో దాదాపు 782 కిలోజౌళ్లు తిరిగి వస్తాయి. రెండు పెద్ద అంకెల మధ్య మిగిలిన నాలుగు కిలోజౌళ్లనూ ద్రావణం నీటి నుంచే తీసుకుంటుంది కాబట్టి, ఉప్పు కరిగిన నీరు కొద్దిగా చల్లబడుతుంది. వేడిని పీల్చుకుంటూ కూడా ఉప్పు కరగడానికి కారణం, క్రమంగా అమరి ఉన్న అయాన్లు నీరంతటా చెల్లాచెదురు కావడం వల్ల పెరిగే ఎంట్రోపీ, అంటే క్రమరాహిత్యం.

కరగడానికి పట్టే వేడి ఇంత స్వల్పం కనుకనే ఉప్పు కరిగే మోతాదు ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు: 100 గ్రాముల నీటిలో 0 డిగ్రీల వద్ద సుమారు 36 గ్రాములు, 100 డిగ్రీల వద్ద 39 గ్రాములు కరుగుతాయి. సురేకారం మోల్‌కు 35 కిలోజౌళ్ల దాకా వేడిని పీల్చుకుంటుంది గనుక, 0 డిగ్రీల వద్ద 13 గ్రాములే కరిగే ఆ పదార్థం మరిగే నీటిలో 240 గ్రాములకు పైగా కరుగుతుంది, చల్లారిస్తే అడుగున పేరుకుంటుంది. ఉప్పునీటిని ఎంత చల్లార్చినా అలా జరగదు కనుక నీటిని పోగొట్టడమే మార్గం. కిలో ఉప్పును కరిగించడానికి 70 కిలోజౌళ్లు కూడా పట్టవు. అదే కిలో ఉప్పు కోసం 35 లీటర్లకు పైగా సముద్రపు నీటిని ఆవిరి చేయడానికి 85,000 కిలోజౌళ్లకు తక్కువ కాకుండా కావాలి. అంత వేడినీ ఎండే ఉచితంగా సమకూరుస్తుంది కాబట్టి ఉప్పు చౌకగా దొరుకుతోంది. వాన పడితే అంతదాకా ఎండ చేసిన పని కొట్టుకుపోతుంది.

సముద్రపు నీటిలోని మెగ్నీషియం క్లోరైడ్ విషయంలో ఈ తూకం మరోవైపు మొగ్గుతుంది. మెగ్నీషియం అయాన్ చిన్నది, రెండు ధనావేశాలున్నది కావడంతో నీటి అణువులను గట్టిగా లాక్కుంటుంది, దాని ఆర్ద్రీకరణ శక్తి స్ఫటికాన్ని విడదీసే ఖర్చును మించిపోతుంది, నీరు వేడెక్కుతుంది. అందుకే ఉప్పు పేరుకున్నాక కూడా అది మడిలోని చేదు నీటిలోనే నిలిచిపోతుంది. ఆ నీటిని సకాలంలో బయటికి వదలకపోతే మెగ్నీషియం గళ్లుప్పుకు అంటుకుంటుంది, వానాకాలపు గాలిలోని తేమను పీల్చి జాడీలోని ఉప్పును చెమ్మగిలజేస్తుంది.