బొమ్మ గీస్తే బడికి డబ్బు!

పిల్లలు గీసిన బొమ్మను ఏం చేస్తాం? 'భలే గీశావే!' అని మెచ్చుకుని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాం. నాలుగు రోజులయ్యాక అది పాత పేపర్లలో కలిసిపోతుంది. అమెరికాలోని చాలా బడుల్లో మాత్రం ఆ బొమ్మే కాఫీకప్పు మీదికీ, కేలండరు మీదికీ ఎక్కుతుంది. బడికి నాలుగు డబ్బులు తెచ్చిపెడుతుంది!

అమెరికాలో ప్రభుత్వ బడి అంటే ఖర్చంతా ప్రభుత్వమే చూసుకుంటుందనుకుంటాం. నిజానికి అక్కడి బడుల ఆదాయంలో పెద్ద వాటా స్థానికంగా వసూలయ్యే ఆస్తిపన్నుదే. ఆ డబ్బు చాలనప్పుడు ముందుగా కోత పడేది చాలాచోట్ల డ్రాయింగు, సంగీతం లాంటి క్లాసులకే. అందుకే తల్లిదండ్రులు, టీచర్లు కలిసి సంఘంగా ఏర్పడి నిధులు పోగుచేస్తుంటారు. చాక్లెట్లు, కేకులు అమ్మడం పాత పద్ధతి. పిల్లల బొమ్మలతో డబ్బు సమకూర్చడం అందులోంచి పుట్టిన మరో దారి.

ఎలా చేస్తారంటే...

బడులు తెరిచిన కొద్దివారాలకే డ్రాయింగు టీచరు పిల్లలందరికీ ఒకే కొలత కాగితాలిచ్చి బొమ్మలు వేయిస్తారు. అవి ఈ పనే చేసే కంపెనీకి వెళతాయి. తర్వాత పిల్లల బ్యాగుల్లో ఆర్డరు ఫారం ఇంటికొస్తుంది. బొమ్మని కప్పు మీద వేయించుకోవాలా, చేతిసంచీ మీదా, గ్రీటింగ్ కార్డు మీదా అన్నది అమ్మానాన్నల ఇష్టం. క్రిస్మస్‌కి ముందే వస్తువులు చేతికొస్తాయి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లకీ ఈ ఫారాలు వస్తుంటాయి. మనవరాలి బొమ్మున్న కప్పు కంటే అమ్మమ్మకి మంచి కానుక ఇంకేముంటుంది!

2000లో మొదలైన ఆర్ట్‌సోనియా ఇదే పని ఇంటర్నెట్‌లో చేస్తోంది. టీచర్లు బొమ్మల్ని ఫొటో తీసి అందులో పెడతారు. పిల్లల పూర్తిపేర్లు బయటపెట్టరు. ఆ బొమ్మలతో చేసిన వస్తువులు ఎవరైనా కొంటే 20 శాతం ఆ బడి డ్రాయింగు క్లాసులకి వెళుతుంది. అంటే 15 డాలర్ల కప్పు కొంటే బడికొచ్చేది 3 డాలర్లు. రంగులు, కుంచెలు కొనడానికి అదీ ఆసరానే.

కంపెనీల జోలికి పోని బడులూ ఉన్నాయి. క్లాసంతా కలిసి ఓ బల్లకి రంగులేస్తారు. లేదంటే తలా ఒక గుడ్డముక్క మీద బొమ్మగీస్తే, అన్నీ కలిపి దుప్పటిగా కుడతారు. బడి వేడుకలో వేలం వేస్తారు.

అద్దం మీది బొమ్మ

పిల్లల బొమ్మకు ఇంత శక్తి ఉందని ప్రపంచానికి తెలిసింది 1949లో. రెండో ప్రపంచయుద్ధం దెబ్బతిన్న చెకోస్లొవేకియాలో ఓ పల్లెకు యునిసెఫ్ సాయం అందింది. కృతజ్ఞతగా జిట్కా సమ్‌కోవా అనే ఏడేళ్ల పాప ఓ బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజుపలక మీద గీసింది. స్తంభం చుట్టూ ఆడుతున్న పిల్లల బొమ్మ అది. టీచరు దాన్ని యునిసెఫ్‌కి పంపిస్తే, వాళ్లు దాన్ని కార్డుగా అచ్చేశారు. యునిసెఫ్ మొదటి గ్రీటింగ్ కార్డు అదే! అలా మొదలైన కార్డుల అమ్మకం ప్రపంచమంతటా పిల్లల కోసం నిధులు తెచ్చింది.

కొనేవాళ్లు లేకపోతే?

ఇదంతా బాగానే ఉంది. మరి, కప్పు కొనే స్థోమత లేని ఇంటి పిల్లాడి సంగతేంటి? పక్కపిల్లకి సంచీనిండా వస్తువులొస్తే, తను వట్టిచేతులతో ఇంటికెళ్లాలి. 'నా బొమ్మ బాగాలేదేమో' అన్న దిగులు ఆ వయసులో చిన్నదేం కాదు. పైగా డబ్బున్న పేటల్లో అమ్మకాలు ఎక్కువ, లేని పేటల్లో తక్కువ. అంటే అవసరం ఎక్కువున్న బడికే డబ్బు తక్కువొస్తుందన్నమాట. ధరలో చాలావరకూ కంపెనీకే పోతుందన్నదీ మరిచిపోకూడదు.

అందుకే ఎవరి బొమ్మ వాళ్లింటికే అమ్మేకంటే, అందరి బొమ్మలూ కలిపి ఒకే వస్తువు చేయడం మేలు. మన బడులూ ఇది చేయొచ్చు. క్లాసులో ప్రతి ఒక్కరి బొమ్మా ఉండేలా ఓ కేలండరు వేయించి, వార్షికోత్సవంలో అమ్మితే సరి. ఊరి పెద్దలూ, పూర్వ విద్యార్థులూ కొంటారు. చేయాల్సినవి మూడే. బొమ్మలకి మార్కులేయకూడదు. అమ్మే బాధ్యత పిల్లలమీద పెట్టకూడదు. ఎంతొచ్చిందో, దేనికి ఖర్చయిందో నోటీసుబోర్డులో రాయాలి.

ఆ డబ్బుతో కొన్న రంగుపెన్సిళ్ల డబ్బా క్లాసులోకి వచ్చిన రోజున, 'ఇందులో నా బొమ్మ డబ్బులూ ఉన్నాయి' అని ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా అనగలగాలి. అప్పుడే అది అందరి బడి!