ఊరి బడి — తల్లుల పూనిక

జూన్ మాసము వచ్చునప్పటికి మన పల్లెలలో రెండు పిలుపులు వినవచ్చును. పుస్తకములు, దుస్తులు, మధ్యాహ్నభోజనము ఉచితమని చెప్పుచు “బడిబాట” పేర ఇంటింటికి వచ్చు సర్కారు ఉపాధ్యాయులది మొదటిది. తెల్లవాఱగనే వాకిట నిలుచు ప్రైవేటు బడి బస్సుది రెండవది. మా జగిత్యాల ప్రాంతమున దేనికి బదులు పలుకవలయునో నిర్ణయించునది తఱచుగా తల్లియే. మెట్‌పల్లి చేరువనున్న ముత్యంపేటలో చక్కెర కర్మాగారము 2015 డిసెంబరున మూతపడినది. ఈ సీమలో ఎందఱో పురుషులు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములలో నున్నారు. వారు పంపు సొమ్ములో ఫీజున కెంత, అప్పున కెంత యని లెక్కించు భారము ఇల్లాలిదే.

ఆ లెక్కకు వెనుక మఱియొక లెక్క గలదు. మావారు ఉపాధ్యాయులు గనుక అది మా యింట ఏటేట వినబడును. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఐదవ తరగతి వఱకు గల బడిలో 60 మంది పిల్లల వఱకు ఇద్దఱు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వఱకు ముగ్గురు. అనగా 61 మందిలో ఒక్క బిడ్డ వెడలినను మూడవ ఉపాధ్యాయుని చోటు పోవచ్చును. అప్పుడు ఇద్దఱు ఐదు తరగతులను నడుపవలెను. ఒక తరగతికి లెక్కలు చెప్పుచుండగా తక్కినవారు చూచివ్రాతతో ప్రొద్దుపుచ్చుదురు. చదువు సన్నగిలును. అది చూచి మఱి నలుగురు తల్లులు బస్సు వైపు మొగ్గుదురు.

సర్కారు బడులలో లోపము లేదని నే ననను. 2024 అసర్ నివేదికను బట్టి దేశమందలి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో ఐదవ తరగతి పిల్లలు నూటికి 44.8 మందియే రెండవ తరగతి పాఠమును చదువగలరు. గ్రామములలో 6 నుండి 14 ఏండ్ల పిల్లలలో ప్రభుత్వ బడులవారు 2018లో నూటికి 65.6, కరోనా పిమ్మట 2022లో 72.9, 2024లో 66.8. వచ్చినవారు నిలువలేదు. నిలుపవలసినది చదువే.

కావున రాత్రి భోజనమైన వెనుక బిడ్డచేత వాచకమున నొక పుట చదివింపుడు. ఏ బడికైనను పరీక్ష యిదియే. తెలంగాణమున 2024లో మహిళా సంఘముల యాధ్వర్యమున “అమ్మ ఆదర్శ పాఠశాల” సంఘము లేర్పడినవి. అందు గోడలకు సున్నము, త్రాగునీరు అను మాటలతో సరిపుచ్చక చదువు సంగతియు అడుగుడు. ఒంటరిగా నొక తల్లి బిడ్డను ఊరి బడిలో చేర్చుటకు జంకుట సహజము. పదిమంది జూన్‌నకు ముందే కూడి మాటాడుకొని, ఒక్కుమ్మడిగా చేర్చినచో మూడవ ఉపాధ్యాయుడు ఊరిలో నిలుచును.